గ్రూప్ రైడ్‌లో గార దాటేసరికి వెనకబడిపోతున్నాను, మానేయమంటారా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీకు 41 ఏళ్ళు, ఉండేది శ్రీకాకుళం. ఏడాదిన్నరగా హైబ్రిడ్ సైకిల్ (రోడ్ బైక్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్యరకం) తొక్కుతున్నారు. ఒక్కరే వెళ్తే గంటకి 22 కి.మీ. సగటు వస్తోంది. రెండు నెలల క్రితం ఒక ఆదివారం గ్రూపులో చేరారు. గార మీదుగా కళింగపట్నం, రాను పోను 50 పైచిలుకు. వాళ్ళు 27 మీద పోతారు. మొదట్లో బాగానే ఉంటున్నా గార దాటేసరికి మీరొక్కరే మిగిలిపోతున్నారు. బీచ్ దగ్గర అందరూ మీ కోసమే కాచుకుని ఉంటే తలెత్తుకోలేకపోతున్నారు. ఇంకా కష్టపడాలా, సైకిల్ మార్చాలా, గ్రూపే మానేయాలా అని అడిగారు.

గ్రూపు మానేయకండి, సైకిల్ కూడా ఇప్పుడే మార్చకండి. ముందు గుంపులో మీ చోటు మార్చుకోండి, మొదటి అరగంట తొక్కే తీరు మార్చుకోండి, తినే వేళ మార్చుకోండి. ఈ మూడింటితోనే సగం పైగా దారి దగ్గరవుతుంది. మిగిలింది కాళ్ళు చెయ్యాల్సిన పని. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

నేను విజయనగరంలో ఉంటాను. పదకొండేళ్ళుగా తొక్కుతున్నాను. అందులో ఏడేళ్ళుగా మా ఆదివారం రైడ్‌లో చిట్టచివర ఉండే పని నాది. ఎవరు వెనకబడినా వాళ్ళతోపాటు ఉండి, వాళ్ళని ఇంటికి చేర్చాలి. కాబట్టి వెనకబడేవాళ్ళు ఎలా వెనకబడతారో చాలా దగ్గర్నుంచి చూశాను. నిజంగా కాళ్ళలో బలం లేక ఆగిపోయినవాళ్ళు అందులో తక్కువ.

ముందు గాలి సంగతి. చదును రోడ్డు మీద 25 దాటాక మనం తొక్కే తొక్కుడులో ఎక్కువ భాగం గాలిని తొయ్యడానికే పోతుంది. వేగం కొంచెం పెరిగినా గాలికి పెట్టాల్సిన శక్తి మాత్రం ఘనం లెక్కన పెరుగుతుంది. మీ 22 నుంచి వాళ్ళ 27కి తేడా అయిదే అనిపిస్తుంది కదా. గాలి లెక్కలో అది దాదాపు 85 శాతం అదనపు పని. ఒంటరిగా దాన్ని మొయ్యడం మీ వల్లే కాదు, ఆ ముందున్నవాళ్ళలో చాలామంది వల్ల కూడా కాదు. వాళ్ళు ఒకరి వెనక ఒకరు దాక్కుని వెళ్తున్నారు కాబట్టే ఆ వేగం.

ముందు సైకిల్ వెనక సరిగ్గా కుదురుకుంటే గాలి భారం పావు వంతు నుంచి మూడో వంతు దాకా తగ్గుతుంది. అప్పుడు 27 మీద పోతున్నా మీ కాళ్ళకి ఒంటరిగా 24 మీద వెళ్తున్నట్టే ఉంటుంది. అంటే మీకూ ఆ గ్రూపుకీ ఉన్న అసలు దూరం 5 కాదు, 2. ఆ 2 ఎవరైనా పూడ్చుకోగలిగిందే. వాళ్ళు 30 దాటి పోయే గ్రూపయితే నేనే వద్దనేవాణ్ణి.

మరి మీరు ఇప్పటికే వాళ్ళ వెనకే ఉంటున్నారుగా, ఆ లాభం ఎందుకు రావట్లేదు? కొత్తగా వచ్చినవాళ్ళందరూ మొహమాటానికి చిట్టచివర చేరతారు. పైగా గుద్దుకుంటామన్న భయంతో ముందువాళ్ళకి నాలుగైదు సైకిళ్ళంత ఎడం వదిలేస్తారు. అంత ఎడంలో దాపు చాలా మటుకు పోతుంది. గ్రూపులో ఉన్నామనుకుంటూనే మొత్తం గాలి ఒక్కరే మోస్తుంటారు.

చివరి చోటుకి ఇంకో శిక్ష కూడా ఉంది. దార్లో ఒక మలుపో, స్పీడ్ బ్రేకరో, గేదెల మందో అడ్డొస్తుంది. ముందున్నతను మెల్లగా దాటి మళ్ళీ 27 అందుకుంటాడు. పన్నెండో వాడు ఆ స్పీడ్ బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి ముందున్నతను పరుగు మొదలుపెట్టేసి ఉంటాడు. ఆ ఎడం పూడ్చాలంటే పన్నెండో వాడు 32, 33 మీద తొక్కాలి. ముందున్నవాడికి తెలియనే తెలియదు. ఊరు దాటేలోపు ఇలాంటివి పదిహేను తగులుతాయి. గుంపు మొత్తంలో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి అందరికంటే ఎక్కువ పరుగులు పెడుతున్నాడన్నమాట. మీరు గార దాకా ఉండగలుగుతున్నారంటేనే మీ కాళ్ళలో సత్తా ఉన్నట్టు లెక్క.

కాబట్టి మూడో చక్రమో నాలుగో చక్రమో పట్టుకోండి. బయల్దేరేముందే లీడర్‌కి చెప్పండి, "నన్ను మూడో చోట ఉండనివ్వండి, ముందుకొచ్చి లాగమంటే మాత్రం ఇప్పుడే లాగలేను" అని. లాగడమంటే అందరికంటే ముందుండి గాలిని తోసుకుంటూ పోవడం. ఇప్పుడే చెయ్యలేననడంలో తప్పేమీ లేదు. లాగే వంతు వచ్చినప్పుడు పక్కకి చెయ్యి చూపించి తప్పుకుని, వెనక ఎవరైనా చోటిస్తే చేరిపోవచ్చు. ఎవరి వెనక ఉండాలన్నదీ చూసుకోండి. భుజాలు వెడల్పుగా ఉండి, ఒకే తీరుగా తొక్కేవాళ్ళ వెనక ఉంటే హాయి. ఊరికే లేచి నిలబడి తొక్కేవాళ్ళ వెనకా, తొక్కడం ఆపి ఆపి పోయేవాళ్ళ వెనకా వద్దు.

ఇది ఒక్క రోజులో రాదు. 27 మీద సెకనుకి ఏడున్నర మీటర్లు పోతాం, మధ్యలో రెప్పపాటు సమయమే ఉంటుంది. ముందు మీకు నమ్మకమున్న ఒక్క మనిషితో, ఖాళీ రోడ్డు మీద నేర్చుకోండి. మొదటి రోజు ఒక సైకిల్ పొడవు ఎడం చాలు. అలవాటయ్యాక అర సైకిల్‌కి రండి. చూపు ముందున్నతని టైరు మీద కాదు, అతని నడుము మీదుగా ముందు రోడ్డు మీద ఉండాలి. మీ ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకి పొరపాటున కూడా వెళ్ళకూడదు. అతను గుంత తప్పించడానికి జానెడు జరిగితే అతనికేమీ కాదు, పడేది మీరు. నేను మొదటి ఏడాది అలాగే పడ్డాను. డెంకాడ మీదుగా వెళ్ళి నాతవలస దగ్గర హైవే ఎక్కి పూసపాటిరేగ వైపు వెళ్తున్నాం. ముందున్నాయన రోడ్డు మీద ఆరబోసిన వడ్లు చూసి కుడికి జరిగాడు. నా చక్రం ఆయన చక్రానికి రాసుకుంది. మోచెయ్యి తోలు లేచిపోయింది. వెనక లారీ లేదు కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. అందుకే హైవే మీద ఒకే వరుస, అంచు గీతకి ఎడమ పక్కనే ఉండాలి. గుంతకి, ఎదురొచ్చే బండికి, ఆగడానికి గట్టిగా కేక వెయ్యాలి. లారీల వెనకా బస్సుల వెనకా గాలి దాపు కోసం చేరే పని ఎవరు చేసినా మీరు చెయ్యొద్దు.

ఇప్పుడు మొదటి అరగంట. పొద్దున్నే అయిదింటికి కాళ్ళు తాజాగా ఉంటాయి, ఉత్సాహం ఉంటుంది. దానికి తోడు మన తీరంలో తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. కళింగపట్నం వెళ్ళేటప్పుడు అది మీ వీపు మీద చెయ్యేసి తోస్తున్నట్టే. మీటరులో 28 కనపడితే మనం మెరుగయ్యామనుకుంటాం. అది గాలి ఇచ్చిన వేగం. ఎండ ఎక్కాక సముద్రపు గాలి లేచేదాకా తిరుగు ప్రయాణంలో అదే గాలి మొహానికి కొడుతుంది. మొదటి పది కిలోమీటర్లలో పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగేలా తొక్కండి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సొస్తే మీరు అప్పటికే ఖర్చయిపోతున్నట్టు. ఒక పన్ను గేరు తేలిక చేసి, నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిరిగేలా చూసుకోండి. బరువు గేరు వేసి నెమ్మదిగా తొక్కితే బలంగా ఉన్నట్టనిపిస్తుంది కానీ తొడలు ముందే పట్టేస్తాయి. మనవాళ్ళలో నూటికి తొంభై మందికి ఈ అలవాటు చిన్నప్పటి అట్లాస్ సైకిల్ నుంచి వచ్చింది. మార్చుకోవడానికి నాకే ఏడాది పట్టింది.

సైకిల్ మార్చొద్దన్నాను కదా. మార్చొద్దు కానీ, ఒకసారి తిప్పి చూడండి. మా గ్రూపులో ఒక బ్యాంకు ఉద్యోగి ఉండేవారు. మూడు వారాలు వరసగా రామతీర్థం రైడ్‌లో నెల్లిమర్ల దగ్గరే వెనకబడేవారు. అది పట్టుమని పాతిక కిలోమీటర్ల రైడ్. చెమటలు కారిపోతూ "నా వల్ల కాదు సార్, వయసైపోయింది" అనేవారు. మూడో వారం టీ కొట్టు దగ్గర ఆయన సైకిల్ సీటు పట్టి ఎత్తి వెనక చక్రం గట్టిగా తిప్పాను. చుర్ చుర్ మని రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. బాగున్న చక్రం ఆ ఊపుకి పదిహేను ఇరవై చుట్లు తిరగాలి. వంగి చూస్తే ఎడమ వైపు బ్రేక్ రబ్బరు ఒక అంచు అద్దంలా నున్నగా అరిగి ఉంది, రిమ్ము మీద నల్లటి చార. బ్రేక్ వేసుకుని మూడు వారాలు తొక్కారాయన. 5 నంబరు అలెన్ కీతో వైరు వదులు చేసి రబ్బరు జరపడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తిరుగు ప్రయాణంలో ఆయన నాకంటే ముందు కోట దగ్గర ఉన్నారు. ఆయన మొహంలో ఆ పూట చూసిన సంతోషం నేను మర్చిపోలేను. మూడు వారాలు తనని తానే తిట్టుకున్న మనిషి.

అలాగే గాలి. బొటనవేలితో నొక్కి చూసి "బాగానే ఉంది" అనుకోవద్దు. మీటరున్న పంపు ఒకటి కొనుక్కోండి. మీ హైబ్రిడ్‌కి 35 మి.మీ. టైర్లుంటే మీ బరువుని బట్టి 50 నుంచి 65 పీఎస్ఐ మధ్య బాగుంటుంది. టైరు పక్కన రాసి ఉన్న హద్దు మాత్రం దాటొద్దు. చైన్ తుడిచి నూనె వెయ్యండి. సీటు ఎత్తు చూసుకోండి, పెడల్ కింద ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. మనవాళ్ళు కాళ్ళు నేలకి ఆనాలని సీటు బాగా దించేస్తారు. సగం బలం అక్కడే పోతుంది, మోకాళ్ళూ నొప్పెడతాయి.

తిండి. "ఏం తిని బయల్దేరుతున్నారు" అని అడిగితే ఎక్కువమంది చెప్పేది "కాఫీ తాగానండీ" అని. రాత్రి ఎనిమిదిన్నరకి తిన్న అన్నంతో పొద్దున్న ఏడింటిదాకా తొక్కితే ఒంట్లో నిలవ ఉన్న చక్కెర అడుగంటుతుంది. మీరు గార దాటాక ఆగిపోతున్నారంటే ఇది కూడా ఒక కారణం అయ్యుండొచ్చు. కాళ్ళు నొప్పి పుట్టకుండానే ఉత్తినే ఖాళీ అయిపోయినట్టు, కళ్ళ ముందు కాస్త మసకగా ఉంటే అది ఆకలే. బయల్దేరే ముప్పావుగంట ముందు రెండు అరటిపండ్లు తినండి. ఆ తర్వాత ప్రతి 40 నిమిషాలకి ఏదో ఒకటి నోట్లో పడాలి. ఒక అరటిపండో, నాలుగు ఖర్జూరాలో, వేరుశనగ ఉండో. ఆకలేశాక తింటే ఆలస్యమైపోతుంది. కళింగపట్నంలో తినొచ్చులే అని ఆగకండి. ఇంటికొచ్చాక చోడి (రాగి) అంబలి తాగండి, అంతకు మించినది నాకు దొరకలేదు.

నీళ్ళ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మన ఉక్కలో గంటకి అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాలి, ఎండాకాలం ఉప్పు కలిసిన మజ్జిగో ఓఆర్ఎస్సో కూడా ఉండాలి. మీరు వెనకబడతానన్న భయంతో సీసా తియ్యడం మానేస్తున్నారేమో చూసుకోండి, చాలామంది అదే చేస్తారు. మూడో చోట ఉంటే ఒంటి చేత్తో తాగడం కష్టం కాబట్టి, ఆగినప్పుడల్లా తప్పకుండా తాగండి. ఇంకోటి, మోకాళ్ళ నొప్పికని రైడ్‌కి ముందు నొప్పి బిళ్ళ వేసుకునేవాళ్ళని చూశాను. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ బిళ్ళలు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఉద్దానం మన పక్కనే ఉంది. కిడ్నీ పోతే ఇల్లు ఎలా అవుతుందో శ్రీకాకుళం వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ అలవాటు మాత్రం చేసుకోవద్దు.

41 అన్నారు కాబట్టి ఇది కూడా. ఛాతీలో బిగుతు, కళ్ళు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం ఉంటే అది ట్రైనింగ్ సమస్య కాదు, దిగిపోయి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. బీపీ బిళ్ళల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడుతుంటే ఎంత కష్టపడినా ఒక హద్దు దాటలేరు. అది డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం, సొంతంగా మానేసేది కాదు. ఒకసారి హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మా గ్రూపులో ఒకమ్మాయి ఏడాది పాటు వెనకే ఉండేది. రక్తం తక్కువని తెలిసి, మందులు వాడాక మనిషే మారిపోయింది.

ఇక కాళ్ళ పని. వారంలో ఎన్నిసార్లు తొక్కుతున్నారో మీరు రాయలేదు. ఆదివారం ఒక్కటే అయితే ఎంత కష్టపడినా ముందుకి పోరు. మధ్యలో రెండు రోజులు గంట చొప్పున, హాయిగా మాట్లాడగలిగే వేగంతో తొక్కండి. ఆమదాలవలస వెళ్ళి వచ్చినా చాలు. ఇది మరీ నెమ్మదిగా ఉంది, దీంతో ఏం ఒరుగుతుంది అనిపిస్తుంది. ఒరుగుతుంది. ఇంకొక్క రోజు మాత్రం గట్టిగా: పావుగంట ఒళ్ళు వేడెక్కించుకుని, నాలుగు నిమిషాలు మాట రానంత గట్టిగా తొక్కి, నాలుగు నిమిషాలు తేలిగ్గా తిప్పండి. ఇలా నాలుగు సార్లు. అంతకంటే వద్దు. స్పీడ్ బ్రేకర్ తర్వాత ఎడం పూడ్చే ఊపిరి దీంతో వస్తుంది. ప్రతి నాలుగో వారం సగానికి తగ్గించేయండి. నేను మొదట్లో రోజూ గట్టిగానే తొక్కేవాణ్ణి. మూడు నెలలు ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు, నిద్ర మాత్రం పోయింది. మా వైపు గంట్యాడ మీదుగా తాటిపూడి వెళ్ళే రోడ్డుంది. చూడ్డానికి చదునుగా ఉంటుంది కానీ కొండల వైపు పోతున్నకొద్దీ మెల్లగా ఎత్తు పెరుగుతుంది. ఆ రోడ్డు మీద నెమ్మదిగా తొక్కిన ఒక చలికాలమే నన్ను మార్చింది.

ఇవన్నీ మీరు చెయ్యాల్సినవి. గ్రూపు చెయ్యాల్సినవీ ఉన్నాయి, అవి అడగడం మీ హక్కు.

నా మొదటి రైడ్ చింతపల్లి బీచ్‌కి. పూసపాటిరేగ దాటాక అందరూ కనుమరుగయ్యారు. దారి కూడా సరిగ్గా తెలీదు. ఒక కొట్టు దగ్గర ఆగితే అక్కడ కూర్చున్న తాత అడిగాడు, "ఏటి బాబూ, అందరూ ఎలిపోనారు, నువ్వొక్కుడివీ ఉండిపోనావేటి?" అని. ఆయన నీళ్ళిచ్చి, ఎటు పోవాలో చెప్పాడు. నేను వెళ్ళేసరికి వాళ్ళు ఫొటోలు దిగి టీ తాగేసి ఉన్నారు. నేను సైకిల్ దిగగానే "పదండి పదండి" అన్నారు. అందరికంటే అలిసిపోయిన మనిషికి ఆ రోజు ఒక్క నిమిషం విశ్రాంతి లేదు. మళ్ళీ ఆర్నెల్లు ఏ గ్రూపుకీ వెళ్ళలేదు.

అందుకే మా రైడ్‌లో రెండు నియమాలు పెట్టుకున్నాం. పది, పన్నెండు కిలోమీటర్లకి ఒకచోట ఆగాలి. చివరి మనిషి కాలు నేల మీద పెట్టాక అయిదు నిమిషాలు లెక్క. చివర ఒకరు తప్పనిసరిగా ఉండాలి, వాళ్ళ దగ్గర పంపు, ట్యూబు, అందరి నంబర్లు ఉండాలి. ఇవి పెట్టాక మా సగటు వేగం ఒక కిలోమీటరు తగ్గింది, వచ్చేవాళ్ళు రెట్టింపయ్యారు. పోటీగా తొక్కాలనుకునేవాళ్ళు బుధవారం వేరే వెళ్తారు. అదీ మంచిదే, ఎవరి ఇష్టం వాళ్ళది. ఆదివారం కలిసి వెళ్దాం రమ్మని పిలిచి, వచ్చినవాణ్ణి రోడ్డు మీద వదిలేయడం మాత్రం నాకు ఇవాళ్టికీ మింగుడుపడదు.

శనివారం సాయంత్రం మీ లీడర్‌కి ఇలా మెసేజ్ పెట్టండి: "అన్నా, రేపు ఎంత మీద వెళ్తున్నాం? నేను వీల్ పట్టుకుని 26, 27 దాకా ఉండగలను, ముందుకొచ్చి లాగలేను. గార దగ్గర ఒకసారి ఆగుదామా?" మంచి గ్రూపయితే వెంటనే సరే అంటారు. మీరు ఇబ్బంది పడుతున్నారని వాళ్ళకి తెలియకపోయి ఉండొచ్చు, వెనక్కి తిరిగి చూసే అలవాటు ముందుండేవాళ్ళకి తక్కువ. విసుక్కుంటే, శ్రీకూర్మం దాకా నెమ్మదిగా వెళ్ళొచ్చే ఇద్దరు ముగ్గుర్ని మీరే పోగుచేసుకోండి. అలాంటివాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు, పిలిచేవాళ్ళు లేక ఇంట్లో ఉండిపోతారు.

నెమ్మదిగా తొక్కేవాళ్ళు సైక్లిస్టులు కాదేమో అన్న బెంగ మీ ప్రశ్నలో కనపడింది. పోటీ లేకుండా, గడువులోపు ముగిస్తే చాలనే దూరపు రైడ్‌ని బ్రెవే అంటారు. 200 కి.మీ. బ్రెవేకి ఇచ్చే సమయం 13 గంటల 30 నిమిషాలు. అంటే టీలు, టిఫిన్లు, పంక్చర్లు అన్నీ కలుపుకుని గంటకి 15 చాలు. మీ 22తో దానికి ఇవాళే సరిపోతారు. ఓపిక ఉంటే వచ్చే చలికాలానికి ఆలోచించండి.

ఇప్పటికి మాత్రం, ఇది చదవగానే వెళ్ళి సైకిల్ వెనక భాగం ఎత్తి చక్రం తిప్పండి. ఎన్ని చుట్లు తిరిగిందో, టైరులో ఎంత గాలి ఉందో, పోయిన ఆదివారం బయల్దేరేముందు ఏం తిన్నారో ఇక్కడ రాయండి. మిగతాది దాన్ని బట్టి చెప్తాను.